కథానాయకుని పేరు రాయమల్లు

పంతొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో హుజూరాబాదులో స్త్రీజనోద్ధరణ దిగ్విజయంగా పూర్తయిందని తెలియజేయడానికి ఎంతైనా సంతోషం. రోజూ మధ్యాహ్నం అంట్లు తోమడం కాగానే మొదలై, మగవాళ్లకు చాయ్ పెట్టే వేళకు ముగిసేది. ఉద్ధరణ ఎంత ముఖ్యమైనా చాయ్ ఆలస్యం కావడానికి వీల్లేదని నియమావళిలోనే ఉంది.

ఈ ఘనకార్యాన్ని తలకెత్తుకున్నది వనితా వికాస మండలి. అధ్యక్షురాలు అనసూర్యమ్మ. ఆమె భర్త లింగమూర్తికి ఒక బియ్యం మిల్లు ఉంది, ఆడపిల్లల బడి నడిపే కమిటీ ఉంది, ఏ సభలోనైనా అడగకుండానే మాట్లాడే ఓపిక ఉంది. మండలి ప్రారంభోత్సవం నాడు ఆయన, "స్త్రీ అనగా శక్తి. శక్తి అనగా స్త్రీ. కావున స్త్రీకి శక్తి అవసరం" అని సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. అర్థమయ్యే ఉపన్యాసానికి ఆ ఊళ్లో ఎన్నడూ అన్ని చప్పట్లు పడలేదు.

సభ్యురాళ్లు పుస్తక జ్ఞానం సంపాదించాలని తీర్మానం అయింది. అయితే చాలామందికి చదవడం రాదు. నిజాము జమానాలో బడి అంటే ఉర్దూ బడి, అదీ మగపిల్లలకే. కనుక ఒకరు చదవాలి, తక్కినవాళ్లు వినాలి. ఏం వినాలన్నది తర్వాతి సమస్య. పురాణాలు గుళ్లో వింటూనే ఉన్నారు. ఏడుపు కథలు ఎవరి ఇంట్లో వాళ్లకే ఉన్నాయి. చివరికి వేసవి సెలవుల్లో హాయిగా చదువుకునే సరదా ప్రేమ నవలలు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి.

ఆ నవలలన్నీ ఒకే దారిన నడిచేవి. సెలవులకు ఒక అమ్మాయి చల్లటి కొండ ఊరికి పోతుంది. అక్కడ ఒక అబ్బాయి కారు ఆమె చీర మీద బురద చల్లుతుంది. ఆమెకు కోపం వస్తుంది. కోపం వచ్చిందంటే ఇక పెండ్లి ఖాయం. మధ్యలో ఒక వాన, ఒక జ్వరం, ఒక స్వెట్టరు, ఒక అపార్థం. చివర పెద్దల ఆశీర్వాదం. ఎవరూ చావరు. ఎవరూ పచ్చళ్లు పెట్టరు, మిరపకాయలు ఎండబోయరు. మూడు పూటలా అందరూ తింటూనే ఉంటారు గాని, వండేది ఎవరో ఆఖరి పేజీ దాకా తెలియదు. ప్రేమ కన్నా ఈ సంగతే హుజూరాబాదు ఆడవాళ్లకు అద్భుతంగా తోచింది.

చదివే పనికి నర్మదను నియమించారు. నర్మద లింగమూర్తి గారి బడిలో టీచరు. తల్లి కమలవ్వతో కలిసి ఆయన ఇంటి వెనుక వాటాలోనే ఉంటుంది. చిన్నప్పుడే పెండ్లి చేశారు. కాపురానికి పోకముందే ఆ పిల్లవాడు మశూచి వచ్చి పోయాడు. అతని ముఖం ఆమెకు గుర్తులేదు. ముఖానికి కట్టిన బాసింగం మాత్రం గుర్తుంది. నర్మద గొంతు చక్కనిది, ఉచ్చారణ స్పష్టమైనది. వీటిని మించిన అర్హత ఇంకొకటి ఉందని మండలి పసిగట్టింది. ప్రేమకథలు పెండ్లికానివాళ్లు చదివితే బుద్ధి చెడుతుంది, పెండ్లైనవాళ్లు చదివితే సంసారం చెడుతుంది. నర్మదకైతే చెడడానికి ఏమీ లేదు.

నవలల ఫలితం ఊరి మీద తొందరగానే కనబడింది. అనసూర్యమ్మ రోహిణి కార్తెలో ఉన్ని స్వెట్టరు అల్లించుకున్నది. నాయిక చలికి వణికే పేజీ వచ్చినప్పుడల్లా దాన్ని తొడుక్కుని కూర్చునేది. వీపంతా చెమటకాయలు లేచాయి. సాహిత్యం కోసం ఇంత బాధపడిన మనిషి జిల్లాలో మరొకరు లేరని లింగమూర్తి గారు గర్వపడ్డారు. ఊరి బయటి రాళ్లగుట్టకు పొద్దుగూకే వేళ భార్యాభర్తలు షికారు పోవడం మొదలైంది. భర్త ముందు, భార్య వెనుక, మధ్యన ఎడ్లబండి పట్టేంత సందు. అయినా ఇద్దరూ ఒకే రోజు ఒకే గుట్టకు పోవడం గొప్ప ముందడుగని మండలి ప్రకటించింది. ఒక సభ్యురాలు ధైర్యం చేసి, "నా కోసం నువ్వెన్నడన్న వానల తడిసినవా?" అని మొగుణ్ని అడిగింది. "పొలం కాడ ఏటేటా తడుస్తనే ఉన్న. నువ్వెన్నడన్న గొడుగు తెచ్చినవా?" అని ఆయన అడిగాడు. ప్రేమ సంభాషణలకు పురుషులు ఇంకా సిద్ధంగా లేరని తేలింది.

నవలలు అద్దెకిచ్చే దుకాణం కరీంనగర్‌లో ఉంది. అక్కడి నుంచి కట్ట కట్టించి తెచ్చేవాడు బస్సు కండక్టరు రాయమల్లు. సిరిసిల్ల సాలోళ్ల పిల్లవాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టబుద్ధి కాక బస్సు మెట్టు మీద పెట్టాడు. ఖాకీ అంగీ, భుజాన తోలు సంచి, మెడలో విజిల్, ఎండకు కమిలిన ముఖం. పొద్దున బస్సు వచ్చే వేళకు నర్మద అడ్డాకు పోయి, చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది తెచ్చుకునేది. చాలా రోజులు వాళ్ల మధ్య పుస్తకమే అటూ ఇటూ పోయింది, మాట పోలేదు.

ఒకనాడు అతను పుస్తకం చేతికివ్వకుండా పట్టుకొని నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. గీ నవలలల్ల బస్సు ఎందుకు రాదు?"

నర్మద తెల్లబోయింది. "మీరు చదువుతరా?"

"కేశవపట్నం కాడ జనం ఎక్కుడు తక్కువ. ఆడ నాలుగు పేజీలైతయి. చెప్పుండ్రి, ఎప్పుడు సూసినా కారేనాయె?"

"మొన్నటి దాంట్ల బస్సు వచ్చింది గదా."

"వచ్చింది, ఖరాబైంది. ఎందుకు? పిల్లగాడు కార్ల వచ్చి పిల్లను ఎక్కించుకపోవాలె గనుక. నా బస్సు ఎన్నిసార్లు ఖరాబైంది! ఒక్కనాడన్న ఎవలికన్న పెండ్లి కుదిరిందా? అందరు నన్ను తిట్టుకుంట నడిసిపోయిండ్రు."

నర్మద నవ్వింది. బస్సు అడ్డాలో, పదిమంది చూస్తుండగా, పైట నోటికి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది. ఇంటికి వచ్చేదాకా తాను నవ్వినట్టు ఆమెకే తెలియలేదు. తెలిసిన తర్వాత కాసేపు భయమేసింది. మర్నాడు బస్సు రాకముందే అడ్డాలో ఉంది.

ఇట్లా ఉండగా 'మంచు విడిది' అనే నవల వచ్చింది. ఇందులో నాయిక సుధ బాల వితంతువు. మేనత్త వెంట కొండ మీది బంగళాకు వేసవి విడిదికి పోయి, అక్కడ ప్రభాకర్ అనే డాక్టరును చూస్తుంది. బురద, కోపం, వాన, జ్వరం అన్నీ సక్రమంగా జరిగాయి. డాక్టరు పెండ్లి మాట ఎత్తగానే మేనత్త సుధను గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

ఆ మధ్యాహ్నం మండలిలో కన్నీళ్లు ఆగలేదు. "ఓ మేనత్తా! నీ కడుపు కాల! నీకు ఆడపిల్లలు లేరా?" అని అనసూర్యమ్మ స్వెట్టరు చేతితో ముక్కు తుడుచుకున్నది. గిన్నెలు తోమే మల్లక్క గడప బయట కూర్చుని వినేది. ఆమెకు మాత్రం సంగతి అందలేదు. "మొదటి మొగడు సచ్చిండు, ఇంకొకన్ని చేసుకుంటాంటె గంత లొల్లి ఎందుకమ్మా? మా దాంట్ల ఒక్క పూటల తేలుతది" అంది. ఆమెకు సాహిత్యాభిరుచి లేదని అందరూ గ్రహించి ఊరుకున్నారు.

సుధ పునర్వివాహానికి మండలి సంపూర్ణ మద్దతు ప్రకటిస్తూ తీర్మానం చేసింది. లింగమూర్తి గారు ప్రత్యేకంగా విచ్చేసి ఉపన్యసించారు. "సోదరీమణులారా! ఏమిటీ ఘోరం! ఏ యుగంలో ఉన్నాము మనము? ఒక సుధ కన్నీరు కార్చిన సమాజం సమాజమేనా? అటువంటి సుధ మన హుజూరాబాదులో ఒక్కతె ఉన్నదని తెలిస్తే చాలు, నా సొంత బిడ్డ అనుకొని నా చేతులతో కన్యాదానం చేస్తాను!"

చప్పట్ల మధ్య నర్మద పుస్తకంలో తలవంచుకొని కూర్చుంది. పక్కనే కూర్చున్న మనిషి మీద ఒక్క చూపైనా పడకుండా ఇంత పెద్ద ప్రసంగం చేయడం అందరికీ చేతనయ్యే పని కాదు.

మరునాడు ఆమెకు కరీంనగర్‌లో పని పడి రాయమల్లు బస్సెక్కింది. తిరిగి వచ్చేటప్పుడు మానకొండూరు దాటినంక ఇంజను కుతకుతమని ఉడికి బస్సు నిలిచిపోయింది. ప్రయాణికులు రాయమల్లును యథావిధిగా తిట్టి, చింతచెట్టు నీడకు చేరారు. అతను తోలు సంచి నర్మద చేతికిచ్చి, బకెట్ పట్టుకొని చేను బావి దాకా పోయి నీళ్లు తెచ్చాడు. అంగీ సగం తడిసింది. సంచి కోసం చేయి చాపి, తీసుకోకుండా ఆగిపోయాడు.

"టీచరమ్మా, బస్సు ఖరాబైంది."

"కనబడుతనే ఉన్నది."

"నవలలైతే గిప్పుడు అడగాలె. నాకు కారు లేదు. బురద సల్లుదామంటె గీ ఎండల బురద సుత లేదు." అతను గొంతు సవరించుకున్నాడు. "నన్ను చేసుకుంటరా?"

నర్మదకు సంచి ఒక్కసారిగా బరువెక్కింది. ఆమె పెండ్లి మాట ఎవరూ ఎత్తక చాలా ఏండ్లయింది. ఎత్తరాదని ఊళ్లో కట్టుబాటు.

"నాకు కోపం రాలే" అన్నది చివరికి.

"తెప్పియ్యాల్నా?"

"వద్దు. నా సంగతి మీకు తెలుసు గదా?"

"తెలుసు. నా సంగతి సుత మీకు తెలుసు. సాలోన్ని. అందుకే బస్సు ఆగినంక అడిగిన. నడుస్తుంటె అడిగితె మీరు దుంకుతరేమోనని."

"దుంకను" అన్నది నర్మద. "ఊళ్లె పెద్దమనుషులకు చెప్పి చేసుకుందాం. దొంగతనంగ వద్దు."

పెద్దమనుషుల మీద ఈ నమ్మకం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, తాను చదివిన నవలల నుంచే వచ్చింది. అవి విన్నవాళ్లకు సోకని జబ్బు చదివిన మనిషికి సోకింది.

ఆ మధ్యాహ్నం సుధ గది గొళ్లెం దగ్గర పుస్తకం తెరవవలసి ఉంది. నర్మద తెరవలేదు.

"అక్కా, చదివే ముందు ఒక మాట. నిన్న సారు చెప్పిండు గద. అసొంటి సుధ మన ఊళ్లె ఒకామె ఉన్నది."

మండలి అంతా కదిలిపోయింది. అనసూర్యమ్మ మోకాళ్ల మీద ముందుకు జరిగింది. "నిజమా! ఎవలే ఆ తల్లి? పిల్లగాడు మంచోడేనా?"

"మంచోడే."

"పిల్లను మంచిగ సూసుకుంటడా?"

"సూసుకుంటడు."

"మరింకేందే! ఎవలామె? ఇప్పుడే పోయి బొట్టు పెట్టి తోలుకొస్త."

"నేనే అక్కా. పిల్లగాడు కండక్టరు రాయమల్లు."

వట్టివేళ్ల తడిక మీద చల్లిన నీళ్లు కింద పడుతున్న చప్పుడు వినబడింది. అనసూర్యమ్మ మొదట స్వెట్టరు విప్పి పక్కన పెట్టింది. ఆ తర్వాత నర్మద కూర్చున్న చాపను చూసింది, గడపను చూసింది, ఎవరైనా విన్నారేమోనని కిటికీని చూసింది. "ఛీ" అన్నది. చాలా మెల్లగా అన్నది. నవలల్లో మేనత్తలు కేకలేస్తారు. నిజం మేనత్తలకు ఆ అవసరం ఉండదని నర్మదకు అప్పుడు తెలిసింది.

అత్యవసర సమావేశం జరిగింది. చర్చ ప్రజాస్వామికంగా సాగింది. కొండ లేదని ఒకరు, చల్లగాలి లేదని ఒకరు, పిల్లవాడు డాక్టరు కాడని ఒకరు అభ్యంతరం చెప్పారు. ఖాకీ బట్టల్లో ప్రేమ ఎట్లా పుడుతుందని ఒకామె నిజాయితీగానే ఆశ్చర్యపోయింది. కులం మాట ఎవరూ ఎత్తలేదు, అందరికీ తెలిసిన సంగతి కనుక. అన్నిటికన్నా బలమైన వాదన అతని పేరు మీద వచ్చింది. ప్రభాకర్ ప్రేమిస్తాడు, ఆనంద్ ప్రేమిస్తాడు, అవసరమైతే రవీంద్ర కూడా ప్రేమిస్తాడు. రాయమల్లు ప్రేమించినట్టు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. "ఇద్దరు ఒప్పుకున్నరు గద, మీకేందమ్మా పరేషాన్?" అని మల్లక్క గడప బయటి నుంచి అన్నది. బయటివారి అభిప్రాయాలు పరిగణనలోకి తీసుకోబడవని ఆమెకు తెలియజేశారు.

ముగింపు ఉపన్యాసం లింగమూర్తి గారిది. "సోదరీమణులారా! సుధ వేరు, నర్మద వేరు. సుధ కల్పిత వ్యక్తి. కల్పిత వ్యక్తికి సమస్త హక్కులూ కలవు, వాటికై నేను ప్రాణమైనా ఇస్తాను. కాని నిజమైన మనుషులకు నియమాలు ఉంటాయి. మన బడిలో మన ఆడపిల్లలు చదువుతున్నారు. వారికి ఏమి నేర్పుతున్నాము?" ఏమి నేర్పుతున్నారో అందరూ అర్థం చేసుకున్నారు. నర్మద కొలువు పోయింది. వెనుక వాటా ఖాళీ చేయమన్నారు. కన్నబిడ్డ లాంటిది గనుక తొందరేమీ లేదని, వారం దాకా ఉండవచ్చని ఆయన దయతలిచారు.

కమలవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. గోడకు తల కొట్టుకున్నది. "మంది నోట్ల పడితిమి బిడ్డా, ముఖం ఎట్ల సూపియ్యాలె" అని ఏడ్చింది. నర్మద గిన్నెలు సంచిలో సర్దుతూ కూర్చుంది. సర్దుతూ సర్దుతూ ఏం గుర్తుకొచ్చిందో, తనలో తాను చిన్నగా నవ్వింది. కమలవ్వ ఏడుపు ఆపి బిడ్డ ముఖం చూసింది. చాలాసేపు చూసింది.

"ఎటు దిక్కు పోతరట?"

"కాగజ్‌నగర్ దిక్కు, అవ్వా. ఆయన బదిలీ అడిగి తీసుకున్నడు."

"ఆడ చలి ఉంటదా?"

"ఉండదు. ఎండకాలంల ఈడి ఎండే ఆడ."

"గట్లైతె నేను సుత వస్త. నా దగ్గర స్వెట్టరు లేదు" అని కమలవ్వ లేచి కుంపటి మీది పెంక కడగడానికి పోయింది.

ఇక్కడ మండలికి ఒక ఊహించని కష్టం వచ్చిపడింది. సుధ ఇంకా గొళ్లెం వెనుకనే ఉంది. చదివే మనిషి లేదు. నర్మద లేని లోటు తీర్చడానికి లింగమూర్తి గారే పూనుకున్నారు. ఆయన చదువంతా ఉర్దూలో. తెలుగు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కోవాలి. "ప్ర... భా... కర్... ప్రియా... ప్రియా అని... పిలి... పిలిచెను" అని ఆయన చదువుతుంటే కోర్టు అమీను జప్తు నోటీసు వినిపించినట్టుంది. డాక్టరు మెట్లెక్కి గది తలుపు దాకా రావడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. గొళ్లెం తీయకముందే చాయ్ వేళ అయింది. మర్నాడు నర్మద పుస్తకం అడిగి తీసుకుపోయింది. అద్దెకు తెచ్చినది ఆమె పేరు మీద, తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఆమెది.

ప్రయాణం నాడు రాయమల్లు ఖాకీ వేసుకోలేదు. తెల్ల అంగీ తొడుక్కొని, మామూలు ప్రయాణికునిలాగా మరో కండక్టరు దగ్గర టికెట్లు కొన్నాడు. కమలవ్వ కిటికీ పక్కన కూర్చుంది. నర్మద సామాన్లు అందిస్తుండగా అడ్డా మలుపులో మండలి మొత్తం ఒక గుంపుగా కనబడింది. ముందు అనసూర్యమ్మ.

 తిట్టడానికి వచ్చారో, మనసు మార్చుకొని వచ్చారో నర్మదకు తెలియలేదు. రెండోదే అయ్యుండాలని ఒక్క క్షణం ఆశపడింది. దాచడమెందుకు, చేతిలోని సామాన్లు కింద పెట్టి ఎదురు కూడా పోయింది.

అనసూర్యమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నీతోని మాట్లాడొద్దనుకున్నం. గని బస్సు కదులుతది గద... ఆ పిల్ల ఏమైందే?"

"ఏ పిల్ల?"

"సుధనే! మేనత్త తలుపు తీసిందా, తీయలేదా? మాకు నిద్ర పడుతలేదు."

రాయమల్లు వెనుక నుంచి, "చెప్పకుండ్రి, గట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. నర్మద ఆలోచించింది. సుధ చెరువులో దుంకి చచ్చిపోయిందని చెప్పవచ్చు. వీళ్లు దానికీ ఇంతే ఇష్టంగా ఏడుస్తారు. కాని ఆమె టీచరు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప వేరే అలవాటు లేదు.

"తలుపు తీసింది. డాక్టరుతోని పెండ్లి అయింది."

"ఊరోళ్లు ఊకున్నరా?"

"ఊకునుడేంది, కొండ మీది జనమంత పెండ్లికి వచ్చిండ్రు. మేనత్తనే తలంబ్రాలు కలిపింది. సుధ ముఖం సూసి ఆమె, నా కండ్లు ఇప్పుడు తెరుసుకున్నయి బిడ్డా అన్నది."

మండలి అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి ఏడ్చారు. అనసూర్యమ్మ కళ్లు ధారలు కట్టాయి. "సల్లగుండాలె! ఎంత మంచి ఊరే అది! ఊరంటే గట్లుండాలె" అన్నది. ఆ ఆనందంలో నర్మద చేతిని పట్టుకోబోయి, ఎవరి చేయో గుర్తొచ్చి వెనక్కు తీసుకున్నది. తర్వాత అందరూ కళ్లు తుడుచుకొని, చాయ్ వేళ కాకముందే ఇండ్లకు చేరారు. బస్సు ఎప్పుడు కదిలిందో వాళ్లు చూడలేదు.

నర్మద చూసింది. కేశవపట్నం దాకా వెనక్కి చూస్తూనే ఉంది. అక్కడ రాయమల్లు, "జనం ఎక్కుడు తక్కువ, కొంచెం సేపు ఏడవొచ్చు" అన్నాడు. ఆమె ఏడ్చింది. కమలవ్వ ఆమె వీపు రాసింది. కరీంనగర్ వచ్చేసరికి తేరుకున్నది.

పెండ్లి అయిందా అని పాఠకులు ఆత్రపడుతున్నారు. పడనక్కరలేదు. కరీంనగర్‌లో రిజిస్టరు పెండ్లి అయింది. బస్సు డ్రైవరు ఒకరు, పుస్తకాల దుకాణం ఆయన ఒకరు సాక్షి సంతకాలు చేశారు. కమలవ్వ అక్షింతలు వేసింది. అమ్మయ్య అని మీరు అనుకున్న మాట ఇక్కడికి వినబడింది. మీ మనసు మంచిది. రాయమల్లు పేరు కూడా మీకు ఇప్పుడు అంత మోటుగా తోచడం లేదు.

ముగ్గురూ కాగజ్‌నగర్ చేరారు. మిల్లు ఊరు, నాలుగు దిక్కుల నుంచి వచ్చిన జనం, విశాల హృదయులని పేరు. అద్దె ఇంటి కోసం తిరుగుతున్నారు. ప్రతి ఇంటి ఇల్లాలూ ఆప్యాయంగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మీరేమిట్లు అని కులం అడుగుతున్నది. నర్మద ఉన్నది ఉన్నట్టు చెబుతున్నది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న వాటాలోకి ఆ ఇంటివాళ్ల తమ్ముడు మరునాడే రాబోతున్నట్టు తెలుస్తున్నది. కాగజ్‌నగర్‌లో ఇంతమంది తమ్ముళ్లు ఉన్నారని మునిసిపాలిటీకి కూడా తెలియదు.

మీ వెనుక వాటా ఖాళీగా ఉందని ఎవరో చెప్పారు. ఈ కథ ఇంత దూరం చదివారు గనుక ముందుగా మీ తలుపే తట్టమని వాళ్లకు చెప్పి పంపించాం. ఈపాటికి మీ వీధి మలుపు తిరిగి ఉంటారు. మీకూ ఒక తమ్ముడు ఉన్నాడా?